పెట్టెలో లేని రంగు

వేసవి సెలవుల్లో మా మేడ మీద గదిలో పిల్లలకి బొమ్మలు నేర్పుతుంటాను. నేర్పుతాననడం కాస్త పెద్దమాటే. చాపలు పరిచి, కాగితాలిచ్చి, నీళ్ల గ్లాసులు ఎవరూ తన్నెయ్యకుండా చూడటమే నా అసలు ఉద్యోగం. మొదటిరోజు అందరికీ ఒకటే పని పెడతాను. 'మీ ఇంట్లోవాళ్లందర్నీ గియ్యండి' అంటాను. ఎవరి చెయ్యి ఎంతవరకూ తిరిగిందో తెలుస్తుంది. ఎవరింట్లో ఎంతమందున్నారో కూడా తెలుస్తుందనుకోండి. కుక్కనీ, కింద వాటాలో అద్దెకున్నవాళ్లనీ కలిపేసే ఉదారులూ ఉంటారు.

మొన్నటి ఎండల్లో నాలుగో తరగతి పిల్ల ఒకతి శ్రద్ధగా బొమ్మ వేసింది. నాన్న, అమ్మ, నానమ్మ, తమ్ముడు, చివర్న తను. నాన్న చొక్కాకి గళ్లు, అమ్మ చీరకి అంచు, తమ్ముడి చేతిలో బ్యాటు అన్నీ ఉన్నాయి. నలుగురి ముఖాలకీ లేత గులాబీ, నారింజ కలిసినట్టుండే ఆ రంగు క్రేయాన్ రుద్దింది. తన బొమ్మకి గౌను వేసింది, రెండు జడలు వేసింది, రిబ్బన్లు కూడా వేసింది. ముఖం, చేతులు మాత్రం తెల్లకాగితంలా వదిలేసింది.

"నీకు వెయ్యలేదేమ్మా?" అన్నాను.

"నా రంగు పెట్టెలో లేదు మాస్టారూ."

బాధగా ఏమీ అనలేదు. కొట్లో చింతపండు అయిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. నేనే ఆ పెట్టె అందుకుని చూశాను. 24 రంగులు. ఆకుపచ్చలే నాలుగున్నాయి. బ్రౌన్ ఒకటుంది గానీ అది తలుపులకీ చెట్టుబోదెలకీ పనికొచ్చే బ్రౌన్. ఇంకోటి, అంతా 'స్కిన్ కలర్' అని పిలిచేది, పీచ్. పీచ్ పండుని మనలో ఎంతమంది చేత్తో పట్టుకుని చూశారు చెప్పండి? కానీ చిన్నప్పట్నుంచీ మనిషి ఒంటికి ఆ పండు రంగే వేస్తున్నాం.

ఈ తంటా మన ఒక్కరిదే కాదు. అమెరికాలో క్రేయోలా వాళ్ల పెట్టెలో ఒకప్పుడు 'ఫ్లెష్' అనే పేరుతోనే ఒక క్రేయాన్ ఉండేది. ఫ్లెష్ అంటే మాంసం, ఒళ్లు. ఎవరి ఒళ్లు అన్న ప్రశ్న అక్కడ పౌరహక్కుల ఉద్యమంతో పాటే పైకొచ్చింది. 1962లో ఆ పేరు తీసేసి పీచ్ అని పెట్టారు. పేరు మారింది గానీ దానికి తోడుగా మిగతా ఒంటిరంగులు రావడానికి చాలాకాలం పట్టింది. 2020లో అదే కంపెనీ ఒంటి రంగులే 24 రకాలుగా ఒక పెట్టె తెచ్చింది. అంటే పేరు తప్పని ఒప్పుకోవడానికీ, పెట్టె నింపడానికీ మధ్య 58 ఏళ్లన్నమాట.

తమాషా ఏమిటంటే, మనకి రంగుపెట్టెలో కరువు గానీ మాటల్లో కరువు లేదు. చామనఛాయ అనే మాట ఉంది. ఎంత చక్కని మాటో చూడండి. అటు నలుపూ కాదు, ఇటు తెలుపూ కాదు. పసిమి ఛాయ ఉంది. గోధుమ వన్నె ఉంది. నల్లగా నిగనిగలాడుతున్నాడంటాం. ఇంకా విచిత్రం, తెల్లగా ఉన్నవాణ్ణి మనం తెల్లగా ఉన్నాడనం. 'ఎర్రగా బుర్రగా ఉన్నాడు' అంటాం. బొమ్మలు వేసేవాడికి ఈ ఒక్క మాట చాలు. తెల్లటి చర్మంలో కనిపించేది తెలుపు కాదు, దానికింద పారే రక్తం ఎరుపు. మన అమ్మమ్మలు ఆ సంగతి ఏ ఆర్టు స్కూలుకీ వెళ్లకుండానే పట్టేశారు.

ఇంత తెలిసినవాడిలా రాస్తున్నాను గానీ, నా సంగతి కూడా చెప్పాలి. కుర్రతనంలో ఒక వారపత్రికకి సీరియళ్లకి బొమ్మలు వేసేవాణ్ణి. రచయిత్రి కథలో 'నల్లని పిల్ల' అని స్పష్టంగా రాసినా, బొమ్మ దగ్గరకొచ్చేసరికి "హీరోయిన్ కదండీ, కాస్త తెల్లగా కానివ్వండి" అనేవారు అక్కడ. కానిచ్చేవాణ్ణి. అలా కానిచ్చీ కానిచ్చీ నా చేతికి అదే అలవాటైపోయింది. అమ్మకి అరవై ఏళ్లు వచ్చినప్పుడు వారంరోజులు కూర్చుని నీటిరంగుల్లో ఆవిడ బొమ్మ వేశాను. మా అమ్మ మంచి నలుపు. బొమ్మ పటం కట్టించి చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బాగుందిరా. ఎవరీవిడ?" అంది.

అంతా నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. పటం హాల్లోనే ఉంది. మా మనవలు దాన్ని చూసి, "ముత్తవ్వ భలే తెల్లగా ఉండేది కదా తాతా" అంటుంటారు. కాదర్రా అని చెబితే బొమ్మనే నమ్ముతారు గానీ నన్ను నమ్మరు.

అందుకే ఆ పిల్ల తెల్లగా వదిలేసిన ముఖం చూశాక, ఆ పూట అనుకున్న పాఠం పక్కన పెట్టేశాను. క్రేయాన్లు మూయించి నీటిరంగులు తీయించాను. అక్కడ చెప్పిందే ఇక్కడా చెబుతాను. మీ ఇంట్లో పిల్లలుంటే ఈ ఆదివారం పక్కన కూర్చుని చేయించండి.

ముందు ఒక చిన్న శాస్త్రం ముక్క. మనిషి ఒంటికి రంగునిచ్చేది ముఖ్యంగా మెలనిన్. అందులో ఒకటి ముదురు గోధుమ, నలుపు వైపు ఉండేది. ఇంకోటి ఎరుపు, పసుపు వైపు ఉండేది. దానికి రక్తం ఎరుపు తోడు. జుట్టులో ఉన్నదీ మెలనినే. ఏ దేశం మనిషైనా, ఏ ఊరి మనిషైనా సరుకులివే, పాళ్లే వేరు. చింతపండూ ఉప్పూ కారం అవే అయినా ఒకింట్లో చారవుతుంది, ఒకింట్లో పులుసవుతుంది. అందుకని 'స్కిన్ కలర్' డబ్బా కోసం వెతకక్కర్లేదు. కలుపుకోవడం తెలిస్తే చాలు.

నీటిరంగుల్లో దీనికి పెద్దదిక్కు బర్న్ట్ సియెనా. ఇటలీలో సియెనా అనే ఊరి పేరు మీద వచ్చిన మట్టిరంగు. ఆ మట్టిని కాలిస్తే పసుపు పోయి ఎరుపు తేలుతుంది. ఆ రంగంతా మట్టిలోని ఇనుముదే. మన జేగురుదీ అదే సంగతి. గడపలకీ అరుగులకీ పూసిన ఎర్రమన్ను ఎరిగినవాళ్లకి ఈ రంగు కొత్తేమీ కాదు. దీనికి తోడు యెల్లో ఆకర్, అల్ట్రామెరీన్ బ్లూ, కొద్దిగా క్రిమ్సన్. ఈ నాలుగూ ఉంటే మీ వీధిలో ఉన్న అందరి ఒంటిరంగులూ వచ్చేస్తాయి. పిల్లల పెట్టెలో బర్న్ట్ సియెనా లేదా? వెర్మిలియన్‌లో పసుపు కలిపితే నారింజ వస్తుంది. అందులో నీలం చుక్క వెయ్యండి. గోధుమరంగు దానంతటదే పుడుతుంది. నారింజ, నీలం ఒకదాన్నొకటి అణుచుకునే రంగులు మరి.

చామనఛాయకి నేను చేసేదిదీ. శనగగింజంత బర్న్ట్ సియెనా, అందులో సగం యెల్లో ఆకర్, ఆవగింజంత నీలం, రెండు చెంచాల నీళ్లు. నలుపు కావాలంటే ఆకర్ తగ్గించి నీలం ఇంకో ఆవగింజ పెంచడం. ఎర్రగా ఉండేవాళ్లకి నీళ్లు పెంచి, క్రిమ్సన్ కుంచె కొసతో తాకించడం. నల్లరంగు డబ్బా మాత్రం మూతపెట్టి దూరంగా పెట్టండి. ఒంటిరంగులో నలుపు కలిపితే మనిషి నల్లబడడు, మసి బారతాడు.

కలిపాక నేరుగా బొమ్మ మీదికి పోకూడదు. చిత్తుకాగితం ముక్క అంచున కాస్త పూసి, ఆరనిచ్చి, ఆ అంచుని ముంజేతికి ఆనించి చూడాలి. అదీ కిటికీ దగ్గర. ట్యూబులైటు కింద చూస్తే మోసపోతాం. నీటిరంగు తడిమీద ఒకలా ఉంటుంది, ఆరాక ఒక మెట్టు వెలిసిపోతుంది. అందుకని ఆరనివ్వకుండా తీర్పు చెప్పొద్దు. మా గదిలో ఆ పూట పన్నెండుమంది పిల్లలు చేతులు చాపి కాగితం ముక్కలు ఆనించుకుంటుంటే గాజుల కొట్లో కొలతలు చూస్తున్నట్టే ఉంది. ఏ రెండు ముక్కలూ ఒక్కలా లేవు. కవల పిల్లలిద్దరున్నారు, వాళ్లవీ కలవలేదు. ఒకడు సెలవులంతా క్రికెట్టు, ఇంకొకడు సెలవులంతా టీవీ.

పూత పద్ధతి కూడా వినండి. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే. ముక్కు మీద, నుదుటి మీద, చెంప ఎముక మీద వెలుగు పడేచోట పలచగా వదిలెయ్యాలి. మొదటి పూత నీళ్లనీళ్లగా ముఖమంతా వెయ్యాలి. పూర్తిగా ఆరాలి. ఇక్కడే పిల్లలకి ఓపిక ఉండదు. పెద్దవాళ్లకి అంతకన్నా ఉండదు. ఆరకుండా రెండో పూత వేస్తే చెంప మీద కాలీఫ్లవర్ పువ్వులాంటి మరక విచ్చుకుంటుంది. ఆరాక అదే రంగులో ఇంకాస్త నీలం చేర్చి, కంటి గుంటల్లో, ముక్కు పక్కన, గెడ్డం కింద, మెడ మీద నీడ వెయ్యాలి. చివర్న ఎరుపు. చెవి తమ్మెలు, ముక్కు కొస, బుగ్గలు, వేళ్ల కణుపులు, వీటి దగ్గర ఎరుపు ఎక్కువుంటుంది. నల్లటి ముఖానికి గులాబీ బుగ్గలు పెడితే పౌడరు అద్దినట్టుంటుంది. అక్కడ క్రిమ్సన్‌లో బర్న్ట్ సియెనా కలిపి వెయ్యాలి. అరచేతులూ అరికాళ్లూ లేతగా ఉంచాలి, అక్కడ మెలనిన్ తక్కువ.

నల్లటి ఒంటి మీద వెలుగు గురించి ఒక మాట. ఆరుబయట నిలబడ్డ నల్లటి మనిషి భుజం మీద మెరుపు చూడండి. అది తెల్లగా ఉండదు, లీలగా నీలంగా ఉంటుంది. ఆకాశం దాని మీద పడుతుంది కనక. రాముణ్ణీ కృష్ణుణ్ణీ నీలమేఘశ్యాములన్న మనవాళ్లు ఇది చూసే అన్నారేమోనని నాకో అనుమానం. కేలండర్ల వాళ్లు దాన్ని పట్టుకుని రాబిన్ బ్లూ డబ్బా అంతా కుమ్మరించేశారు గానీ.

వీటన్నిటినీ నాలాగ తప్పించుకు తిరక్కుండా సూటిగా చూసి వేసినవాళ్లున్నారు. అజంతా గుహల్లో జేగురు, పసుపుమట్టి, దీపపు మసి లాంటి కొద్దిపాటి రంగులతోనే నల్లని స్త్రీలనీ, పచ్చని స్త్రీలనీ పక్కపక్కన కూర్చోబెట్టారు. నల్లగా ఉన్నంత మాత్రాన దాసీ అనీ, తెల్లగా ఉంటేనే రాణీ అనీ అక్కడ లెక్కలేదు. అమృతా షేర్‌గిల్ అజంతా చూసి, దక్షిణాది ఊళ్లు తిరిగి, 1937లో మూడు పెద్ద తైలవర్ణ చిత్రాలు వేసింది. వాటిలో 'బ్రహ్మచారీస్' ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో ఉంది. తెల్లటి పంచెలు కట్టుకుని కూర్చున్న కుర్రాళ్లు. ఒంటి మీద చొక్కాల్లేవు. పక్కపక్కనే పెట్టేసరికి ఒకరి ఛాయకీ ఇంకొకరి ఛాయకీ తేడా ఎలా పలుకుతుందో చూసి తీరాలి. ఆవిడ 28 ఏళ్లకే పోయింది.

సరే, జుట్టు దగ్గరకొద్దాం. పిల్లలు చేసే పని ఏమిటంటే నల్ల స్కెచ్ పెన్ తీసి ఒక్కో వెంట్రుకా గీయడం మొదలెడతారు. ఇరవై గీతలయ్యాక విసుగొచ్చి మిగతాది గజిబిజిగా నింపేస్తారు. ఫలితం, తల మీద బోర్లించిన చట్టి. జుట్టుని ముందు ముద్దగా చూడాలి, తర్వాతే వెంట్రుకలుగా. పాపిట ఎక్కడ, జుట్టు ఎటు పారుతోంది, జడ ఎక్కడ మలుపు తిరిగింది, ఇవి ముందు. నలుపు డబ్బాకి ఇక్కడా పనిలేదు. బర్న్ట్ సియెనా, అల్ట్రామెరీన్ చెరిసగం చిక్కగా కలిపితే డబ్బా నలుపు కన్నా లోతైన నలుపు వస్తుంది. సియెనా కాస్త ఎక్కువైతే ఎండలో ఆడొచ్చిన పిల్లాడి రాగిజుట్టు. నీలం ఎక్కువైతే కొబ్బరినూనె పెట్టి దువ్విన తల.

ఆ నూనె మెరుపే జుట్టుకి ప్రాణం. తల గుండ్రం కనక మెరుపు ఒక వంపు పట్టీలా పడుతుంది. ఆ పట్టీని మొదటి పూతలోనే పలచగా వదలాలి. తర్వాత పాపిట పక్కన, చెవి వెనక, మెడ దగ్గర చిక్కటి పూత. జడలో ప్రతి పాయా ఒక చిన్న దిండు అనుకోండి. మధ్యలో మెరుపు, పాయలు కలిసేచోట చీకటి. అంతా అయ్యాక సన్నకుంచెతో అంచున నాలుగైదు వెంట్రుకలు లాగితే చాలు, మిగిలినవి చూసేవాడి కన్నే గీసుకుంటుంది. నుదుటి దగ్గర గోడకి సున్నం కొట్టినట్టు గీత పెట్టకండి. ఒంటిరంగుని ముందే జుట్టులోకి వేలెడంత పోనిచ్చి, దాని మీద జుట్టు పూత పలచగా మొదలెడితే విగ్గులా ఉండదు. మల్లెపూలుంటే ఆ చోటు కాగితమే ఉంచి చుట్టూ నలుపు నింపాలి. పూలని వెయ్యడం కాదు, వదలడం. నెరిసిన జుట్టుకీ అంతే. నీళ్లలో నీలం, సియెనా చుక్కలు వేసిన బూడిదరంగు నీడల్లో మాత్రం పెట్టి, మిగతాది కాగితానికి వదిలెయ్యాలి.

మార్కర్ల గురించి అడిగే పిల్లలు ఇప్పుడు ఎక్కువయ్యారు. రెండు జాతులున్నాయి. మామూలు స్కెచ్ పెన్నులు నీటివి. ఒకే చోట రెండుసార్లు రుద్దితే కాగితం నూలుపోగులు లేచొస్తుంది. వాటితో ముఖానికి నేరుగా వెయ్యొద్దు. బ్రౌన్ స్కెచ్ పెన్ను పింగాణీ సాసరు మీద గీకి, తడికుంచెతో ఆ రంగు ఎత్తి పలచగా పూస్తే నీటిరంగులాగే పలుకుతుంది. పదిరూపాయల చిట్కా, వందల రూపాయల పని చేస్తుంది.

రెండోవి ఆల్కహాల్ మార్కర్లు. ఖరీదెక్కువ. తడి ఆరకముందే పక్కరంగులో కలిసిపోతాయి కనక చెంపల నీడలకి బాగుంటాయి. కాగితం దాటి వెనక్కి దిగిపోతాయి, కింద చిత్తుకాగితం పెట్టకపోతే టేబులుకీ బొమ్మ పడుతుంది. ముందు లేతరంగు, దాని మీద నీడరంగు, అంచు మీద మళ్లీ లేతరంగు, ఇదీ వరస. పెన్ను ఒక్కటే ఉన్నా ఫరవాలేదు, ఆరాక అదే పెన్ను ఇంకోసారి వేస్తే ఒక మెట్టు ముదురుతుంది. 'స్కిన్ టోన్స్' అని రాసి ఉన్న సెట్టు కొనేముందు మూతలు చూడండి. సగం గులాబీలే ఉంటే మన ఇంటికి పనికిరావు. జపాన్ వాళ్ల కాపిక్ మార్కర్లలో ఒంటికి పనికొచ్చే రంగులు చాలావరకు 'ఇ' అనే అక్షరం కింద ఉంటాయి. 'ఇ' అంటే ఎర్త్, మట్టి. ఎటు తిరిగినా మళ్లీ జేగురు దగ్గరికే వచ్చాం చూడండి.

ఇంకొక్కటి. ముందు పెన్నుతో గీసి తర్వాత రంగు వేసేవాళ్లు ఆ సిరా తడికి కారుతుందో లేదో చిత్తుకాగితం మీద చూసుకోండి. జెల్ పెన్నుతో కనుబొమలు గీసి, ముఖానికి పూత వెయ్యగానే ఏడ్చిన కాటుకలా చెంపలమీదకి జారిన బొమ్మ నా బీరువాలో ఒకటుంది. రెండు రోజుల పని.

ఇక మన నాలుగో తరగతి పిల్ల. మూడుసార్లు కలిపింది. మొదటిసారి ఇటుకలా వచ్చింది. రెండోసారి నీలం ఎక్కువైంది. మూడోసారి కాగితం ముక్క ముంజేతికి ఆనిస్తే ముక్క ఎక్కడ అయిందో చెయ్యి ఎక్కడ మొదలైందో తెలీలేదు. పక్కపిల్లలు వచ్చి చూసి వెళ్లారు. ముఖానికి, చేతులకి పూత వేసి ఆరబెట్టింది. కిటికీ దగ్గర పెట్టి వెనక్కి జరిగి చూసింది. ముఖం చిట్లించింది.

"ఏమైందమ్మా? బాగా వచ్చింది కదా."

"నాది బాగానే వచ్చింది మాస్టారూ. వీళ్లే తప్పొచ్చారు" అంది, గులాబీ ముఖాలతో నిలబడ్డ నలుగురినీ చూపించి. "మా నాన్న ఇలా ఉండడు. అమ్మా ఇలా ఉండదు. తమ్ముడు నాకన్నా కొంచెమే తెలుపు."

క్రేయాన్ మైనం మీద నీటిరంగు నిలవదు. కొత్త కాగితం ఇచ్చాను. మళ్లీ అందర్నీ గీసింది. నాన్నకి నీలం ఇంకో ఆవగింజ, అమ్మకి ఆకర్ కాస్త ఎక్కువ, తమ్ముడికి నీళ్లు. అలా ఒక్కొక్కరినీ గుర్తుతెచ్చుకుంటూ ప్లేటులో నాలుగు గుంటలు నింపింది. పన్నెండున్నరకి మిగతా పిల్లలంతా వెళ్లిపోయారు. తనని తీసుకెళ్లడానికి నానమ్మ మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, గుమ్మంలో కూర్చుని, బొమ్మని దూరంగా పట్టుకుని చూసింది. కొడుకుని గుర్తుపట్టింది, కోడల్ని గుర్తుపట్టింది. తన దగ్గరకొచ్చేసరికి ఆగింది.

"ఏమే, నా జుట్టు మొత్తం తెల్లగా అయిపోయిందా?"

"కాగితం వదలమన్నారు నానమ్మా."

"ఇదిగో చూడు" అని ముడి విప్పి, మెడ దగ్గర పాయ ముందుకి లాక్కుంది ఆవిడ. "ఇక్కడ ఇంకా నాలుగు నల్లవి ఉన్నాయి. అవి వెయ్యి."

పిల్ల నా వైపు చూసింది. సన్నకుంచె తీసిచ్చాను.